ఫోన్ చేస్తే పలకరు, పోస్టు పెడితే పరుగెత్తుకొస్తారు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకే బాధ. కంపెనీ వాళ్ళు ఫోన్‌లో దొరకరు, ట్విట్టర్‌లో మాత్రం అడగ్గానే ప్రత్యక్షమవుతారు (ఎక్స్ అని పేరు మారినా నాకు నోట్లోంచి ట్విట్టరే వస్తోంది, సర్దుకుపోండి). పొడవాటి ఉత్తరాలను కాస్త కుదించాం. ఫిర్యాదుల్లో ఉన్న కంపెనీల పేర్లు తీసేశాం, ఎందుకన్నది నాలుగో ఉత్తరం దగ్గర మీకే తెలుస్తుంది.

ఫ్రిజ్ కొని ఏడాది కూడా కాలేదు, చల్లబడటం మానేసింది. వారంటీ ఉంది. టోల్‌ఫ్రీకి ఎన్నిసార్లు చేశానో లెక్కే లేదు. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనే రికార్డు తప్ప మనిషి దొరకడు, దొరికితే "రేపు టెక్నీషియన్ వస్తాడు మేడమ్" అంటాడు, ఆ రేపు రాదు. చివరికి మా అక్క కొడుకు ఫ్రిజ్ ఫోటో తీసి కంపెనీని ట్యాగ్ చేసి ట్విట్టర్‌లో పెట్టాడు. సాయంత్రానికి ఫోన్, మర్నాడు పొద్దున్నే మెకానిక్, కంప్రెసర్ మార్చేశారు. పని అయినందుకు సంతోషమే గానీ నాకు ఒళ్ళు మండుతోంది. వారంటీ నా పేరు మీద ఉంది, డబ్బు కట్టింది నేను. నాకివ్వని మర్యాద వాడికెందుకిచ్చారు?
— ఒక గృహిణి, హనుమకొండ

అమ్మా, మీ అక్క కొడుక్కి కూడా ఇవ్వలేదు లెండి ఆ మర్యాద. ఆ పోస్టు చూస్తున్న మిగతా జనానికి ఇచ్చారు. మీరు టోల్‌ఫ్రీలో ఎంత గట్టిగా అరిచినా వినేది ఒక్కడు, మీరు ఆల్రెడీ డబ్బు కట్టేసిన మనిషి. ట్విట్టర్‌లో ఆ ఫోటో చూసేవాళ్ళలో రేపో ఎల్లుండో ఫ్రిజ్ కొనబోయేవాళ్ళు ఉంటారు. కంపెనీ భయం వాళ్ళ గురించే.

లోపల పని ఎలా జరుగుతుందో చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. చాలా కంపెనీల్లో టోల్‌ఫ్రీ ఒక డిపార్ట్‌మెంటు, సోషల్ మీడియా ఇంకో డిపార్ట్‌మెంటు. టోల్‌ఫ్రీని ఖర్చు కింద చూస్తారు, బయట కాంట్రాక్టుకిస్తారు, ఒక్కో కాల్ ఎన్ని నిమిషాల్లో తెమిల్చారో కొలుస్తారు. కాల్ తొందరగా పెట్టేయించడమే అక్కడ మంచి పని. సోషల్ మీడియా డెస్క్ మాత్రం చాలాచోట్ల మార్కెటింగ్ వాళ్ళకో పీఆర్ వాళ్ళకో దగ్గరగా ఉంటుంది. దాన్ని ఓఆర్‌ఎం అంటారు, ఆన్‌లైన్‌లో కంపెనీ పరువు కాపాడే ఉద్యోగం అన్నమాట. ట్యాగ్ చేయకపోయినా సరే, కంపెనీ పేరు ఎక్కడ రాసినా పట్టి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రాసినవాడికి ఫాలోవర్లు ఎందరు, బ్లూ టిక్ ఉందా, జర్నలిస్టా, పోస్టు ఎంత వేగంగా పాకుతోంది, ఇవన్నీ చూసి ఏది ముందు అందుకోవాలో లెక్కగడతారు. సర్వీస్ మేనేజర్‌కి నేరుగా ఫోన్ చేసి "ఇది వెంటనే చూడండి" అనే చనువు ఈ డెస్క్‌కి ఉంటుంది, టోల్‌ఫ్రీ పిల్లలకి ఉండదు. "సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియెన్స్, మీ నంబరు డీఎం చేయండి" అన్న రిప్లై మీరూ చూసే ఉంటారు. ఆ డీఎం, అంటే ఇతరులకి కనబడని మెసేజ్, మీ ప్రైవసీ కోసం కూడా కావచ్చు, కానీ ముందు గొడవని వీధిలోంచి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేయడానికి.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 2008లో అమెరికాలో కామ్‌కాస్ట్ అనే కేబుల్ కంపెనీ ట్విట్టర్‌లో తిట్టేవాళ్ళని వెతికి మరీ జవాబివ్వడం మొదలుపెట్టింది, అప్పటికే దాని సర్వీసు అక్కడ నవ్వులపాలై ఉంది. అదే ఏడాది కెనడాకి చెందిన డేవ్ కారల్ అనే గాయకుడు యునైటెడ్ విమానంలో హాలిఫాక్స్ నుంచి ఒమాహా వెళ్తుంటే మధ్యలో చికాగోలో సామాన్ల వాళ్ళు గిటార్లు విసిరేయడం తోటి ప్రయాణికులు చూశారు. 3,500 డాలర్ల గిటారు విరిగింది, బాగు చేయించడానికి 1,200 అయింది. 24 గంటల్లో ఫిర్యాదు చేయలేదని కంపెనీ నెలల తరబడి తిప్పి చివరికి కుదరదంది. ఆయన కోర్టుకి పోలేదు, పాట కట్టాడు. 2009 జులై 6న యూట్యూబ్‌లో పెట్టిన ఆ పాటని ఆగస్టుకల్లా లక్షల మంది చూసేశారు, కుదరదన్న కంపెనీయే ఫోన్ చేసి డబ్బిస్తామంది. ఆయన తీసుకోలేదు, దాంతో వాళ్ళు ఒక జాజ్ సంగీత సంస్థకి 3,000 డాలర్లు విరాళమిచ్చారు. ఆ పాట దెబ్బకి కంపెనీ షేరు కుప్పకూలిందని వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంటుంది, దాన్ని నమ్మకండి. మాంద్యం రోజులవి, విమాన కంపెనీల షేర్లన్నీ ఊగుతూనే ఉన్నాయి. 2013లో ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, తండ్రి సూట్‌కేసు పోగొట్టిన బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ని తిడుతూ పెట్టిన ట్వీట్‌కి డబ్బు కట్టి ప్రకటనలా నడిపించాడు. కంపెనీ ఏమందో తెలుసా? మా ట్విట్టర్ పొద్దున 9 నుంచి సాయంత్రం 5 వరకే, ఆలస్యానికి క్షమించండి అంది. ఆ జవాబు సూట్‌కేసు కంటే ఎక్కువ నవ్వించింది జనాన్ని.

మన పక్కనే ఇంకా మంచి కథ ఉంది. గిరీశ్ మాతృభూతం అమెరికా నుంచి చెన్నైకి మకాం మార్చినప్పుడు సామాన్లలో టీవీ పగిలిపోయింది. ఇన్సూరెన్స్ డబ్బు కోసం నెలల తరబడి ఈమెయిళ్ళు, ఫోన్లు, ఏమీ రాలేదు. ఇండియాకి తిరిగొచ్చేవాళ్ళు మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో తన గోడు మొత్తం రాశాడు. కంపెనీ పెద్దాయనే దిగొచ్చి క్షమాపణ చెప్పి డబ్బు వేయించాడు. అక్కడే ఆయనకి వెలిగింది, కస్టమర్ చేతికి మైకు వచ్చింది, దాన్ని వినే సాఫ్ట్‌వేర్ కంపెనీలకి కావాలని. 2010లో ఫ్రెష్‌డెస్క్ పెట్టాడు, ఇప్పటి ఫ్రెష్‌వర్క్స్ అదే, 2021లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. మీ ఫ్రిజ్ మీద వచ్చిన కోపం లాంటిదే ఒక వ్యాపారమైంది.

ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. కంప్రెసర్ మార్చినట్టు జాబ్ షీట్ ఇచ్చారా? లేకపోతే ఇప్పుడే అడిగి తీసుకోండి, తేదీతో, సంతకంతో. ఈ హడావుడి సర్వీసుల్లో మెకానిక్‌ని పరుగులు పెట్టిస్తారు, కాగితం మర్చిపోతారు. మళ్ళీ ఆరు నెలలకి ఆగిపోతే ట్వీటు చూపించి వారంటీ అడగలేరు.

నాకు ట్విట్టర్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు. ఫేస్‌బుక్‌లో ఉన్నది పాత విద్యార్థులు, వాళ్ళు నా పోస్టులకి నమస్కారాలే పెడతారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన మిక్సీ జార్ పగిలి వచ్చింది. ఊళ్ళో లేను, వచ్చి తెరిచేసరికి రిటర్న్ గడువు దాటిందన్నారు. గట్టిగా అరవడం రానివాళ్ళకి న్యాయం లేదా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రేపల్లె

ఉంది మాస్టారూ, కానీ దాని దారి నిదానం, చప్పుడుండదు.

ముందు ఆ సైటులోనే గ్రీవెన్స్ ఆఫీసర్ అని అట్టడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఒక పేరు, ఈమెయిలు ఉంటాయి, చూడండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఉండి తీరాలి. మీ ఫిర్యాదు అందిందని ఆయన 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చాట్‌లో వచ్చే మరబొమ్మతో గంటలు గంటలు మాట్లాడకండి, దానికి మీ బాధ అర్థం కాదు. బిల్లు, పగిలిన జార్ ఫోటో, ప్యాకింగ్ ఫోటో పెట్టి ఒక ఈమెయిలు రాసి పడేయండి. తెలుగులో రాసినా పర్వాలేదు, తర్జుమా చేసుకునే బాధ వాళ్ళది.

దానికీ పలక్కపోతే 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. అది కోర్టు కాదు, కంపెనీని బలవంతం చేయలేదు, కానీ మీ ఫిర్యాదుకి ఒక నంబరిచ్చి కంపెనీకి పంపుతుంది. ఆ నంబరు విలువ ఏమిటో అయిదో ఉత్తరంలో చెబుతాను. చాలా కంపెనీలు ఇక్కడికే దిగొస్తాయి, ఎందుకంటే ఆ తర్వాత మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరుండే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉందా గురుగ్రామ్‌లో ఉందా మీకు అనవసరం. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళలోపు వేయాలి, ఇంట్లోంచే ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. మిక్సీ జార్ కోసం కేసు దాకా వెళ్ళాలా అంటే, అక్కర్లేదనే అంటాను. వెళ్తానని రాతపూర్వకంగా, తేదీ వేసి, మర్యాదగా చెప్పండి చాలు. మీ అక్షరాలకి పాత అలవాటు ప్రకారం కొంచెం బెత్తం వాసన తగలనివ్వండి.

రిటర్న్ గడువు గురించి ఒక మాట. గడువు వాళ్ళ పాలసీ. పగిలిన వస్తువు పంపడం చట్టం దృష్టిలో లోపం. పాలసీ రాసుకున్నంత మాత్రాన లోపం మాయం కాదు.

అన్నా, నేను ఆ "డీఎం చేయండి" అని రాసేవాళ్ళలో ఒకణ్ణి. గచ్చిబౌలిలో ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీలో నైట్ షిఫ్టు. నిమిషాల్లో మొదటి రిప్లై పడకపోతే మా టీఎల్ (టీమ్ లీడర్) వచ్చి నిలబడతాడు. రీఫండ్ ఇచ్చే పవర్ నాకు లేదు, సారీ చెప్పే పవర్ మాత్రం బోలెడుంది. కస్టమర్లు నా పేరుతో సహా స్క్రీన్‌షాట్ పెట్టి "వీణ్ణి తీసేయండి" అంటారు. మొన్న మా పక్క సీటు అమ్మాయిని నిజంగానే తీసేశారు. తప్పు ఆ అమ్మాయిది కాదని ఫ్లోర్ మీద అందరికీ తెలుసు. దీని గురించి ఎవరూ రాయరేం?
— పేరు వద్దు, హైదరాబాద్

రాస్తున్నాను తమ్ముడూ.

2006లో వాషింగ్టన్‌లో ఒకాయన ఇంటికి కామ్‌కాస్ట్ టెక్నీషియన్ మోడెం మార్చడానికి వచ్చాడు. వచ్చి సొంత ఆఫీసుకే ఫోన్ చేశాడు. సొంత ఆఫీసే అతన్ని గంటకి పైగా హోల్డ్‌లో పెట్టింది, పాపం సోఫాలో నిద్రపోయాడు. ఇంటాయన వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు, ఊరంతా నవ్వింది. కంపెనీ క్షమాపణ చెప్పి ఆ టెక్నీషియన్‌ని ఉద్యోగంలోంచి తీసేసింది. హోల్డ్‌లో పెట్టిన సిస్టమ్‌ని ఎవరు తీసేశారు మరి?

మన దగ్గర 2021 అక్టోబరులో జరిగింది గుర్తుందా. తమిళనాడులో ఒక కస్టమర్ ఆర్డర్లో ఒక ఐటమ్ రాలేదని జొమాటో చాట్‌లో అడిగాడు. భాష తెలియక హోటల్ వాళ్ళతో మాట్లాడలేకపోతున్నామని ఏజెంట్ అంది. తమిళం వచ్చినవాళ్ళని పెట్టుకోవాల్సింది కదా అని ఇతనన్నాడు. హిందీ జాతీయ భాష, అందరికీ కాస్తో కూస్తో వచ్చి ఉండాలని ఏజెంట్ జ్ఞానబోధ చేసింది. (హిందీ కేంద్రానికి అధికార భాష మాత్రమే, మన రాజ్యాంగంలో జాతీయ భాష అని దేనికీ రాయలేదు, ఈ సంగతి మనవాళ్ళలోనూ చాలామందికి తెలీదు.) స్క్రీన్‌షాట్ బయటికొచ్చింది, జొమాటో వద్దంటూ హ్యాష్‌ట్యాగ్ మోగింది. మర్నాడు కంపెనీ తమిళంలో క్షమాపణ రాసి ఆ ఏజెంట్‌ని తీసేశామంది. గంటలు గడిచాక కంపెనీ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ వచ్చి, ఫుడ్ డెలివరీ సపోర్టులో ఒకరు తెలియక చేసిన పొరపాటు దేశ సమస్య అయిపోయిందేమిటి, తనని తిరిగి తీసుకుంటున్నాం అన్నాడు. ఒక్క రోజులో ఒక ఉద్యోగం పోయింది, వచ్చింది. రెండుసార్లూ నిర్ణయం తీసుకుంది తప్పెంత అని తూచి కాదు, బయట గాలి ఎటు వీస్తోందో చూసి. ఆ ఏజెంట్ మాటలు తప్పే, నేను సమర్థించను. కానీ తమిళనాడులో వ్యాపారం చేస్తూ తమిళం వచ్చిన మనిషిని ఆ చాట్‌లో కూర్చోబెట్టనిది ఏజెంట్ కాదు కదా. ఆ గొడవలోనే కోయంబత్తూరులో సపోర్ట్ సెంటర్ పెడుతున్నామని కంపెనీ చెప్పింది, అసలు జవాబు అదీ.

నువ్వు చేయగలిగింది తక్కువే, అయినా చెబుతా. సొంత అభిప్రాయం చాట్‌లో ఒక్క ముక్క కూడా రాయకు, ఎంత రెచ్చగొట్టినా. నీ చేతిలో లేని పనిని ఎవరికి పంపావో, ఎప్పుడు పంపావో టికెట్‌లో నోట్ పెట్టుకో, రేపు వేలు నీవైపు తిరిగితే అదొక్కటే ఆధారం. బయట నీ పూర్తి పేరు కాకుండా పొడి అక్షరాలు వాడనివ్వమని మీ టీఎల్‌ని అడుగు, చాలాచోట్ల అలాగే చేస్తారు.

మిగతా పాఠకులకి నా విన్నపం: స్క్రీన్‌షాట్ పెట్టే ముందు ఏజెంట్ పేరు, డెలివరీ అబ్బాయి ఫోటో చెరిపేయండి. కంపెనీని ఎంతైనా తిట్టుకోండి, దానికి పీఆర్ డిపార్ట్‌మెంటు ఉంది. ఆ అబ్బాయికి లేదు.

ఫ్లాట్‌కి ఇంటీరియర్స్ చేయించాం. ఒప్పుకున్న ప్లైవుడ్ వాడలేదు, సగం పని వదిలేశారు. గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాశాను. ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చింది, వెంటనే తీసేయకపోతే లక్షల్లో పరువు నష్టం దావా వేస్తారట. మా ఆయన టెన్షన్ పడి తీసేయమంటున్నారు. తీసేయాలా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

ముందు మీ ఆయనకి మంచినీళ్ళివ్వండి. లాయర్ నోటీసు కోర్టు ఆర్డరు కాదు, అవతలివాళ్ళ లాయరు రాసిన ఉత్తరం. అలాగని చించి పారేయకండి, దానికి జవాబివ్వాలి, ఒక లాయర్‌తోనే ఇప్పించండి.

ఇప్పుడు మీ రివ్యూని మీరే ఒకసారి పగవాడి కళ్ళతో చదవండి. "ఫలానా బ్రాండ్ ప్లైవుడ్ అని కొటేషన్‌లో రాశారు, వేరేది వాడారు, ఫలానా తేదీ నుంచి పనివాళ్ళు రాలేదు" అని ఉంటే, కొటేషనూ ఫోటోలూ మీ దగ్గరుంటే, నిలబడండి. "పచ్చి దొంగలు, జనాన్ని ముంచే ముఠా" అని ఉంటే ఆ మాటలు మాత్రం తీసేసి వాస్తవాలు ఉంచండి. పరువు నష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, నిజాన్ని ప్రజల మేలు కోసం చెప్పడం, సదుద్దేశంతో అభిప్రాయం చెప్పడం లాంటి మినహాయింపులు అందులోనే ఉన్నాయి. ఆన్‌లైన్ రాతలకి జైల్లో వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీం కోర్టు 2015లోనే కొట్టేసింది, దాని పేరు చెప్పి ఎవరైనా బెదిరిస్తే వాళ్ళ లాయరు పేపరు చదవట్లేదని అర్థం. ఒక్కటి మాత్రం చేయకండి. "ఇంత డబ్బిస్తే రివ్యూ తీసేస్తాను" అని రాయకండి, సరదాకి కూడా, కథ అడ్డం తిరుగుతుంది.

నోటీసులతో నోరు మూయించడం పెద్ద కంపెనీలకి కూడా అలవాటే, ఒక్కోసారి అదే వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే కుర్రాడు బోర్న్‌విటాలో చక్కెర ఎంతుందో వీడియో చేశాడు. కంపెనీ నోటీసు పంపింది, అతను క్షమాపణ చెప్పి వీడియో తీసేశాడు. అంతటితో అయిపోయిందనుకున్నారు. తీసేశాడన్న వార్తే వీడియో కంటే పెద్దదైంది, అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా వెతుక్కుని చూశారు, జాతీయ బాలల హక్కుల కమిషన్ కంపెనీకి నోటీసిచ్చింది, ఆ ఏడాది చివరికి కలిపే చక్కెరని సుమారు 14 శాతం తగ్గించారు. అయితే అందరూ అంత అదృష్టవంతులు కారు అమ్మా, మీ వెనక అంత జనం లేరు, అందుకే కొటేషను, ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రంగా దాచమంటున్నాను. సగం వదిలేసిన పనికి వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా మీ చేతిలో ఉంది, నోటీసుకి జవాబులోనే ఆ సంగతి రాయించండి.

(అమెరికాలో ఉన్న పాఠకులకి: మీ దగ్గర 2016 చట్టం ప్రకారం "చెడ్డ రివ్యూ రాయకూడదు" అనే షరతుని మామూలు కస్టమర్ ఒప్పందాల్లో పెట్టడమే చెల్లదు.)

బాయ్‌కాట్ అని ట్రెండ్ చేస్తే కంపెనీలు నిజంగా మారతాయా, లేక ఒక సారీ పడేసి వారం తర్వాత మళ్ళీ మామూలేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

ఎక్కువసార్లు రెండోదే. ఎప్పుడు మారతాయో చెప్పడానికి కొన్ని సంఘటనలు చూద్దాం.

2017 ఏప్రిల్ 9, మళ్ళీ యునైటెడే, మళ్ళీ చికాగోనే. సొంత సిబ్బంది నలుగురికి సీట్లు కావాలని అప్పటికే కూర్చున్న 69 ఏళ్ళ డాక్టర్‌ని సెక్యూరిటీ వాళ్ళు రక్తం కారుతుంటే ఈడ్చుకుపోయారు, చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లలో తీశారు. సీఈఓ ఆస్కర్ మునోజ్ మర్నాడు, ప్రయాణికులకి వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చినందుకు క్షమించమన్నాడు, ఈడ్చడాన్ని "వేరే ఏర్పాటు" అన్నాడన్నమాట. అదే రోజు ఉద్యోగులకి రాసిన లేఖలో ఆ ప్రయాణికుడిదే గొడవ స్వభావం అన్నాడు. ఆ మరుసటి రోజు, ప్రపంచమంతా వీడియో చూశాక, ఎవరితోనూ ఇలా ప్రవర్తించకూడదు, బాధ్యత మాదే అన్నాడు. ఈ మధ్యలో కొత్తగా తెలిసిన నిజం ఏమీ లేదు, చూసినవాళ్ళ సంఖ్య పెరిగింది, అంతే. అయినా ఆ నెలాఖరుకి రూల్స్ మార్చారు, సీటు వదులుకునేవాళ్ళకి 10,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. అదైనా వీడియో తీసినవాళ్ళ పుణ్యమే.

రెండోది 2022 మే, రాంచీ ఎయిర్‌పోర్టు. వైకల్యం ఉన్న ఒక బాబుని ఇండిగో సిబ్బంది విమానం ఎక్కనివ్వలేదు, తోటి ప్రయాణికురాలు ఫేస్‌బుక్‌లో రాసింది. సీఈఓ విచారం తెలిపి బాబుకి ఎలక్ట్రిక్ వీల్‌చెయిర్ కొనిస్తామన్నాడు. మంచిదే, కానీ వీల్‌చెయిర్ ఒక్క బాబుకి. నెల తిరక్కుండా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విచారణ చేసి 5 లక్షల జరిమానా వేసింది, అది రేపు ఎక్కబోయే పిల్లలందరికీ పనికొచ్చేది.

మూడోది ఓలా ఎలక్ట్రిక్. 2024 అక్టోబరు 6న కమెడియన్ కునాల్ కామ్రా సర్వీస్ సెంటర్ ముందు దుమ్ము పట్టిన స్కూటర్ల ఫోటో పెట్టి ఇదేమిటని అడిగాడు. కంపెనీ అధినేత భవీశ్ అగర్వాల్ సారీ చెప్పలేదు, ఇది డబ్బు తీసుకుని పెట్టిన ట్వీటని, నీ కామెడీ కెరీర్ ఫెయిలయిందని, అంత బాధుంటే వచ్చి మాకు సాయం చెయ్యమని తగువుకి దిగాడు. మర్నాడు షేరు 8 శాతానికి పైగా పడింది. నా దృష్టిలో అసలు విషయం అది కాదు. అదే రోజుల్లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి షోకాజ్ నోటీసిచ్చింది, అందులో లెక్క ఎక్కడిదో తెలుసా? అంతకు ముందు ఏడాది కాలంలో 1915 హెల్ప్‌లైన్‌కి వచ్చిన 10,644 ఫిర్యాదులు. ఏ ఫాలోవర్లూ లేనివాళ్ళు, స్కూటర్ ఆగిపోయి రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు, ఫోన్ చేసి నంబరు తీసుకున్నవాళ్ళు. ఆ తర్వాత కంపెనీ వాటిలో 99.1 శాతం పరిష్కరించామని చెప్పుకుంది. చెప్పుకోవాల్సి రావడం చూడు, ట్వీట్లకైతే శాతం లెక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. రేపల్లె మాస్టారికి నంబరు విలువ చెబుతానన్నది ఇదే.

ఇక మన హైదరాబాద్ సంగతి. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్, ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు అమ్మడం మీద ఏళ్ళ తరబడి వీడియోలు చేశారు. విరేచనాలైన పిల్లాడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు చాలు, అంతకంటే చాలా ఎక్కువ చక్కెర పోస్తే జబ్బు ముదురుతుంది. ఆవిడ వీడియోలతో ఆగలేదు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఏడాది ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒకసారి వద్దంది, మూడు నెలలకి "ఇది ఓఆర్ఎస్ కాదు" అని రాసి అమ్ముకోండి అంది. 2025 అక్టోబరు 14న ఆ పేరే వాడొద్దని ఆదేశమిచ్చింది. అప్పుడు ఆవిడ ఏడుస్తూ పెట్టిన వీడియో నువ్వూ చూసే ఉంటావు. ఆ వెంటనే కంపెనీలు కోర్టులకి పరుగెత్తాయి కూడా. ట్రెండింగ్ ఒక పూట ఉంటుంది, ఆవిడ ఏళ్ళు ఉన్నారు.

కాబట్టి బాయ్‌కాట్ ట్రెండ్ చేయాలనిపిస్తే చెయ్యి బాబూ, కాకపోతే ఆ పక్కనే ఇంకో ట్యాబ్‌లో ఫిర్యాదు కూడా నమోదు చెయ్యి.

బ్యాంకుని ట్యాగ్ చేసి ట్వీట్ పెడితే అయిదు నిమిషాల్లో "కస్టమర్ కేర్" నుంచి ఫోన్ వచ్చింది, ఒక యాప్ వేసుకోమన్నారు, ఖాతాలో డబ్బు పోయింది. బ్యాంకు వాళ్ళు ఆ ఫోన్ చేసింది మేం కాదంటున్నారు.
— చిరు వ్యాపారి, నిజామాబాద్

అయ్యా, ఇది చదువుతున్న క్షణంలో ఇంకా చేయకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. కంపెనీలు ట్వీట్లకి పరుగెత్తుకొస్తాయన్న సంగతి దొంగలకీ తెలిసిపోయింది. బ్యాంకు లోగో పెట్టుకుని, పేరులో ఒక అక్షరం మార్చి, తిట్టేవాళ్ళ కోసం కాచుకుని కూర్చుంటారు. కోపంలో ఉన్నవాడు ఫోన్ నంబరు బహిరంగంగానే రాసేస్తాడని వాళ్ళకి తెలుసు.

రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం మీ తప్పు లేకుండా పోయిన డబ్బుని మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీకు నష్టం ఉండదు. మీరే పిన్ను, ఓటీపీ చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది మీది, ఫిర్యాదు చేశాక పోయింది బ్యాంకుది. అందుకే నిమిషాలు లెక్క. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఏ బ్యాంకూ స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమని అడగదు, ఇది ఇంట్లో పెద్దవాళ్ళకీ చెప్పండి.

కంపెనీతో పాటు మంత్రిగారిని కూడా ట్యాగ్ చేస్తే పని తొందరగా అవుతుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

2016లో ఒకాయన పాడైపోయిన ఫ్రిజ్ గురించి సుష్మా స్వరాజ్‌ని ట్యాగ్ చేశాడు. విదేశాంగ మంత్రి! తమ్ముడూ, ఫ్రిజ్ విషయంలో నేనేమీ చేయలేను, కష్టాల్లో ఉన్న మనుషులతో చాలా బిజీగా ఉన్నాను అని ఆవిడ జవాబిచ్చారు. 2021 మేలో, లాక్‌డౌన్ నడుస్తుండగా, ఇంకొకాయన జొమాటోలో చికెన్ బిర్యానీకి ఎక్స్‌ట్రా మసాలా, లెగ్ పీస్ అడిగితే రెండూ రాలేదని కేటీఆర్‌ని ట్యాగ్ చేశాడు. నన్నెందుకు ట్యాగ్ చేశావు బ్రదర్, నేనేం చేయాలనుకుంటున్నావు అని ఆయన తెల్లబోయారు, మధ్యలో ఒవైసీ గారు వచ్చి మంత్రి ఆఫీసు వెంటనే స్పందించాలని చురక వేశారు.

ఆసుపత్రి, రేషను, కరెంటు లాంటివైతే ట్యాగ్ చేయండి, అది వాళ్ళ పని. లెగ్ పీస్‌కి యాప్‌లో హెల్ప్ బటన్ ఉంది, డబ్బా మూత తీయగానే ఫోటో తీసి పంపండి, సగం తిన్నాక కాదు.